తెనాలి ఇంట్లో డీవీఆర్‌కి పోర్టు ఫార్వర్డ్ చేశా, హైదరాబాద్ నుంచి ఓపెన్ కావట్లేదు

మియాపూర్_కిరణ్
అమ్మానాన్న తెనాలిలో ఉంటారు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు, లోపల ఒక పాత డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె). ఇన్నాళ్ళూ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ కొట్టి చూసేవాళ్ళం. కొన్నాళ్ళుగా "డివైస్ ఆఫ్‌లైన్" తప్ప ఏమీ రావట్లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్‌కి సపోర్టు ఆపేశాం, కొత్తది తీసుకోండి అంటున్నారు. కెమెరాలు బాగున్నాయి, రికార్డింగు బాగుంది, కొత్తది ఎందుకు కొనాలి?

పోయిన వారం ఊరెళ్ళినప్పుడు రౌటర్లోకి వెళ్ళి వర్చువల్ సర్వర్ పేజీలో రూల్ పెట్టా, ఫలానా పోర్టుకి (నంబరున్న తలుపు అనుకోండి) బయటి నుంచి వచ్చేదాన్ని డీవీఆర్‌కి పంపమని. బయటి పోర్టు 8000, లోపలి పోర్టు 8000, లోపలి ఐపీ 192.168.1.108, ప్రోటోకాల్ టీసీపీ. వీడియో కోసం 554 కూడా అలాగే. ఇంట్లో వైఫై మీద ఆ ఐపీ కొడితే డీవీఆర్ టక్కున వస్తోంది. నా ఐపీ ఎంత అని గూగుల్‌ని అడిగి, ఆ నంబరు పెట్టి హైదరాబాద్ నుంచి కొడితే మాత్రం తిరిగి తిరిగి టైమ్‌అవుట్. పోర్టు చెక్ చేసే సైట్లు కూడా క్లోజ్డ్ అనే చూపిస్తున్నాయి. ఫైర్‌వాల్ లెవెల్ తగ్గించి చూశా, తేడా లేదు. ఇంకేం చూడాలి?

మస్తాన్_సీసీకెమెరా
డీవీఆర్‌లో నెట్‌వర్క్ పేజీ తీసి గేట్‌వే దగ్గర రౌటర్ అడ్రస్ 192.168.1.1 ఉందో లేదో చూడు తమ్ముడూ. అది ఖాళీగా ఉంటే ఇంట్లో వస్తది, బయట రాదు. బయటి నుంచి అడిగినోడికి జవాబు ఏ దారిన పంపాలో డీవీఆర్‌కి తెలీదు కదా. నేను చూసే కంప్లయింట్లలో సగం ఇదే.

నెట్_నారాయణ
గేట్‌వేతో పాటు ఇంకోటి చూడండి కిరణ్ గారూ. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఉంటుంది, అంటే కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన బయటి వైపు అడ్రస్. గూగుల్ చెప్పింది కాదు, రౌటర్ చెప్పేది కావాలి. మొదటి రెండు గుంపులు చెప్తే చాలు, మొత్తం నంబరు ఇక్కడ పెట్టకండి.

మియాపూర్_కిరణ్
గేట్‌వే సరిగ్గానే ఉంది మస్తాన్ భాయ్. నాన్నతో రౌటర్ పేజీ ఫొటో తీయించా. వాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది. గూగుల్ చెప్పింది 103తో మొదలయ్యేది. రెండూ ఒకటే ఉండాలి కదా?

నెట్_నారాయణ
ఉండాలి. లేవు కాబట్టే రావట్లేదు. మీ రూల్‌లో తప్పేమీ లేదు, ఇంక దాన్ని కదపకండి.

100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఉన్న అడ్రస్‌లు ఇంటర్నెట్‌లో ఎక్కడా చెల్లవు. సర్వీసు కంపెనీలు తమ లోపలి వాడకానికి పెట్టుకోవడం కోసం 2012లో ఆ వరసని విడిగా కేటాయించారు. మీ రౌటర్‌కి అందులోంచి ఒకటి ఇచ్చారు. గూగుల్‌కి కనిపించే 103 అడ్రస్ ఉన్నది మీ ఇంట్లో కాదు, కంపెనీ వాళ్ళ పెద్ద మెషీన్లో. మీతో పాటు ఇంకా చాలా ఇళ్ళు ఆ ఒక్క అడ్రస్ మీదే బయటికి వెళ్తున్నాయి. ఇలా లోపలి అడ్రస్‌ల్ని బయటి అడ్రస్‌గా మార్చడాన్ని న్యాట్ అంటారు, అదే కంపెనీ వాళ్ళ దగ్గర జరిగితే సీజీన్యాట్.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. మీరు బయటికి ఫోన్ చేసి బిర్యానీ తెప్పించుకుంటే, ఎవరు ఆర్డర్ చేశారో రాసుకున్నాడు కాబట్టి మీ ఫ్లాటుకే పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాడు ఫ్లాటు నంబరు లేకుండా "8000 కావాలి" అంటే గేటు దగ్గరే ఆగిపోతాడు. మీరు మీ ఫ్లాటు తలుపుకి రూల్ రాశారు. గేటు దగ్గర రూల్ రాసే అధికారం మీకు లేదు.

ఎవరైనా సరే పోర్టు ఫార్వర్డింగ్ మొదలుపెట్టే ముందు ఈ రెండు నంబర్లూ పోల్చుకోవాలి. ఒకటే అయితే ముందుకెళ్ళండి. వేరైతే రౌటర్లో ఎన్ని రూల్స్ రాసినా బయటి నుంచి ఒక్క ప్యాకెట్టూ మీ ఇంటిదాకా రాదు.

కేబుల్_శ్రీను
మా మండలంలో ఫైబర్ కనెక్షన్లు ఇచ్చేది మేమే, మా వైపు సంగతి కూడా వినండి. కావాలని ఎవరూ చేయట్లేదు. ఐపీవీ4 అడ్రస్‌లు, అంటే ఈ నాలుగు గుంపుల నంబర్లు, ప్రపంచం మొత్తానికి కలిపి 429 కోట్లు. మన ఆసియా-పసిఫిక్ వైపు అడ్రస్‌లు పంచే ఏప్నిక్ సంస్థ దగ్గర మామూలుగా ఇచ్చే స్టాకు 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఆ తర్వాత మిగిలిన చివరి స్టాకులోంచి కొత్త కంపెనీ ఎవరు అడిగినా గరిష్ఠంగా 1024, 2019 నుంచి అయితే 512 మాత్రమే. 512 అడ్రస్‌లతో జిల్లా అంతా ఎట్టా తిప్పాలి?

అందుకని ఒక్కో అడ్రస్‌ని పోర్టుల లెక్కన ముక్కలు చేస్తారు. ఒక అడ్రస్ మీద 65 వేల చిల్లర పోర్టులుంటాయి. ఇంటికి వెయ్యి చొప్పున పంచితే అరవై ఇళ్ళు పైనే పడతాయి. ఒక ఇంట్లో పది ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి ఆ వెయ్యిలోనే సర్దుకోవాలి. మామూలు వాడకానికి సరిపోతుంది. బయటి నుంచి లోపలికి రావడం మాత్రం కుదరదు.

మీ ఆపరేటర్‌ని అడిగి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్క ఇంటికే ఉండే మారని పబ్లిక్ అడ్రస్, తీసుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో రేటు. కొందరు బిజినెస్ ప్లాన్‌కే ఇస్తారు.

హన్మకొండ_స్వాతి
నారాయణ గారూ, మాది వాన్ ఐపీ 192.168.1.5 అని సూపిస్తున్నది. ఇది గూడ సీజీన్యాటేనా?

నెట్_నారాయణ
మీ ఇంట్లో రెండు డబ్బాలు ఉన్నాయా? కంపెనీ ఇచ్చింది ఒకటి, మీరు కొన్నది ఒకటి?

హన్మకొండ_స్వాతి
అవును. ఫైబర్ వచ్చే తెల్ల డబ్బా వాళ్ళది. పైన గదిల సిగ్నల్ వస్తలేదని మా తమ్ముడు ఇంకోటి కొన్నడు.

నెట్_నారాయణ
అయితే మీది డబుల్ న్యాట్. తెల్ల డబ్బా ఒక రౌటర్, మీరు కొన్నది ఇంకో రౌటర్, రెండూ అడ్రస్‌లు మారుస్తున్నాయి. మీ రౌటర్లో రూల్ రాస్తే ముందున్న తెల్ల డబ్బాకి ఆ సంగతి తెలియదు. మూడు దారులు. సులువైంది, మీరు కొన్నదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టేయడం. అప్పుడది వైఫై మాత్రమే ఇస్తుంది, రూల్స్ అన్నీ తెల్ల డబ్బాలో రాసుకోవచ్చు. రెండోది, తెల్ల డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అడ్రస్‌లు మార్చకుండా లైను మాత్రమే దాటించేలా) పెట్టమని కంపెనీని అడగడం. అడిగే ముందు పీపీపీఓఈ (నెట్ కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయించుకోండి, బ్రిడ్జ్ అయ్యాక లాగిన్ అవ్వాల్సింది మీ రౌటరే. మూడోది తెల్ల డబ్బాలో డీఎంజెడ్ అని ఉంటుంది, అందులో 192.168.1.5 ఇవ్వడం, అప్పుడు బయటి నుంచి వచ్చేవి మీ రౌటర్‌కే పంపుతుంది.

అయితే ముందు తెల్ల డబ్బా వాన్ ఐపీ చూడండి. అదీ ఆ 100.64 వరసలోదో, 10తో మొదలయ్యేదో అయితే ఈ మూడింటి వల్లా లాభం లేదు.

హన్మకొండ_స్వాతి
సూసిన. అది గూడ 10తోనే మొదలైతున్నది 😀 అంటే మాకు వాచ్‌మన్ల మీద వాచ్‌మన్లు.

కార్తీక్_కేపీహెచ్‌బీ
పోర్టుల గొడవే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. 300 ఎంబీపీఎస్ ప్లాన్. వైఫైలో 280 వస్తుంది, రౌటర్ వెనక కేబుల్ పెడితే 94 దాటదు. నాలుగు పోర్టులూ మార్చి చూశా.

కేబుల్_శ్రీను
94 అంటే 100 లింకు. నెట్ తప్పు కాదు. రౌటర్ పోర్టులే 100వి అయ్యుండాలి, లేదా కేబుల్‌లో ఎనిమిది తీగలకి నాలుగే పనిచేస్తూ ఉండాలి. క్లిప్పుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, ఎనిమిది రంగులూ చివరిదాకా వచ్చాయా లేదా కనిపిస్తుంది. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి.

కార్తీక్_కేపీహెచ్‌బీ
గోధుమరంగు తీగ మధ్యలోనే ఆగిపోయి ఉంది అన్నా! కొత్త క్లిప్పు కొట్టిస్తా. థాంక్స్, ఇక మీ చర్చకి అడ్డురాను.

మస్తాన్_సీసీకెమెరా
కిరణ్ తమ్ముడి సంగతికొస్తా. స్టాటిక్ ఐపీ తీసుకో, 8000 ఓపెన్ చెయ్యి, పనైపోద్ది. షాపులకి, రైసు మిల్లులకి నేను అట్టనే పెట్టిస్తా. డీవీఆర్‌కి ఐపీ మాత్రం ఫిక్స్ చెయ్యాల. లేకపోతే కరెంటు పోయొచ్చినాక 108 కాస్తా 112 అవుద్ది, నీ రూల్ ఇంకెవరి ఫోన్‌కో పోతుంటది.

విద్య_బెంగళూరు
మస్తాన్ గారూ, ఐపీ ఫిక్స్ చేయడం వరకు మీతో ఏకీభవిస్తా. రౌటర్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి రౌటరే అడ్రస్‌లు పంచే పద్ధతి) రిజర్వేషన్ అని ఉంటుంది, డీవీఆర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పరికరం సొంత గుర్తింపు నంబరు) 108 కట్టేస్తే ఎన్నిసార్లు కరెంటు పోయినా అదే వస్తుంది. కానీ డీవీఆర్‌ని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టడం మాత్రం వద్దే వద్దు. నేను పనిచేసేది ఈ రంగంలోనే, ఇది కాస్త గట్టిగానే చెప్తాను.

కిరణ్ గారు మొదటి పోస్టులోనే చెప్పారు, ఆ మోడల్‌కి సపోర్టు ఆపేశారని. అంటే ఇంక ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు రావు. రేపు అందులో ఏ కన్నం బయటపడినా పూడ్చేవాళ్ళు లేరు. అలాంటి పెట్టెలో ఉన్నది ఏంటి? వాళ్ళ అమ్మానాన్న ఎప్పుడు ఇంట్లో ఉంటారు, ఎప్పుడు ఉండరు అనే వివరం.

పోర్టు తెరిస్తే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూడాలంటే, పబ్లిక్ ఐపీ ఉన్న చోట ఒక ఖాళీ మెషీన్ పెట్టి 22వ పోర్టు (దూరం నుంచి లాగిన్ అయ్యేది) తెరిచి లాగ్ చూడండి. ఎవరికీ చెప్పక్కర్లేదు, వాళ్ళే వస్తారు. రూట్, అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్, మళ్ళీ రూట్, మళ్ళీ అడ్మిన్ అంటూ యూజర్‌నేమ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటారు. ఒక్కో వరసలో ఒక్కో దేశం ఐపీ. రాత్రీ పగలూ ఆగదు. వీళ్ళలో మనిషి ఒక్కడూ ఉండడు, అన్నీ ప్రోగ్రాములే.

2016లో వచ్చిన మిరాయ్ అనే మాల్వేర్ చేసింది ఇదే. 23, 2323 పోర్టుల్లో టెల్‌నెట్ (పాతకాలపు రిమోట్ లాగిన్) తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు వెతికి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు అరవై చిల్లర ఒక్కొక్కటే ప్రయత్నించేది. తెరుచుకున్నవన్నీ దాని సైన్యం. ఆ ఏడు అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చి చెప్పే) కంపెనీ మీద వాటితో దాడి చేస్తే అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఓపెన్ కాలేదు. ఎవరింట్లోనో గోడకి ఉన్న కెమెరా ఆ పని చేస్తోందని ఆ ఇంటివాళ్ళకి తెలియను కూడా తెలియదు.

మస్తాన్_సీసీకెమెరా
పాస్‌వర్డ్ మార్చి ఇస్తానమ్మా నేను. ఇంకా కావాలంటే బయటి పోర్టు 8000 కాకుండా 48123 లాంటిది పెడితే ఎవడు కనిపెడతాడు?

విద్య_బెంగళూరు
పాస్‌వర్డ్ మార్చడం చాలా మంచి పని, చాలామంది అదీ చేయరు. కానీ పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వెళ్ళే కన్నాలు డీవీఆర్‌లలో బయటపడ్డాయి, ఒక్క కంపెనీ వాటిలో కాదు. ఇక నంబరు మార్చడం అంటారా, 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీమ్యాప్ అనే ప్రోగ్రాము తెచ్చారు. గిగాబిట్ లైను ఉన్న ఒక్క కంప్యూటర్‌తో, ఒక పోర్టు తీసుకుని, మొత్తం ఐపీవీ4 ప్రపంచాన్ని 45 నిమిషాల్లోపే చుట్టి వచ్చేవారు. అది 2013 సంగతి. 48123 పెడితే లాగ్‌లో రద్దీ తగ్గుతుంది, అంతే. దొరక్కుండా ఉండదు.

గాజువాక_గేమర్
అక్కా మరి యూపీఎన్‌పీ? దాన్ని ఆన్‌లో పెడితేనే నా గేమ్‌లో న్యాట్ టైప్ స్ట్రిక్ట్ నుంచి ఓపెన్‌కి వచ్చింది.

విద్య_బెంగళూరు
యూపీఎన్‌పీ ఉంటే ఇంట్లో ఉన్న ఏ పరికరమైనా మిమ్మల్ని అడక్కుండా రౌటర్లో పోర్టు తెరుచుకోవచ్చు. గేమ్‌కి అది సౌకర్యం. అదే సౌకర్యం చవకరకం స్మార్ట్ బల్బుకీ ఉంటుంది, వైరస్ పట్టిన ల్యాప్‌టాప్‌కీ ఉంటుంది. రౌటర్లో యూపీఎన్‌పీ లిస్టు పేజీ ఉంటుంది, ఒకసారి తెరిచి చూడు. నీ గేమ్ కాక ఇంకేమైనా ఉంటే ఆపేసి, గేమ్ పోర్టు ఒక్కటీ చేత్తో రాసుకో.

గాజువాక_గేమర్
చూశా. మూడు ఉన్నాయి. ఒకటి గేమ్, ఒకటి టొరెంట్, మూడోది కెమెరా అట. మా ఇంట్లో కెమెరా ఎక్కడిది అని అందర్నీ అడిగితే నాన్న పిల్లి కోసం పెట్టార్ట!! ఆఫ్ చేసేశా.

డాలస్_శేషు
రాజమండ్రిలో మా పెద్దవాళ్ళ ఇంటికి నేను వాడే పద్ధతి చెప్తాను కిరణ్. అక్కడ సీజీన్యాట్, ఇక్కడ డాలస్‌లో నాకు పబ్లిక్ ఐపీ ఉంది. అందుకని పోర్టు ఇక్కడ తెరిచాను, అక్కడ కాదు. నా రౌటర్లో వైర్‌గార్డ్ (రెండు చోట్లని ఎన్‌క్రిప్షన్‌తో కలిపే వీపీఎన్) పెట్టి 51820 యూడీపీ ఒక్కటే తెరిచా. రాజమండ్రిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తనంతట తానే ఇక్కడికి ఫోన్ చేస్తున్నట్టు కనెక్ట్ అవుతుంది. 25 సెకన్లకోసారి పలకరించేలా కీప్‌అలైవ్ పెట్టాను కాబట్టి మధ్యలో కంపెనీ న్యాట్ ఆ దారి మూసేయదు. లోపలి నుంచి బయటికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, నారాయణ గారి బిర్యానీ లెక్కే.

హన్మకొండ_స్వాతి
51820 తెరిసి పెట్టుడు గూడ ప్రమాదమే కాదా మరి?

విద్య_బెంగళూరు
మంచి ప్రశ్న. వైర్‌గార్డ్ సరైన తాళంచెవి ఉన్నవాడు మాట్లాడితేనే బదులిస్తుంది, మిగతావాళ్ళకి కిక్కురుమనదు. స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. డీవీఆర్ అలా కాదు, అడిగినవాడికల్లా లాగిన్ పేజీ చూపిస్తుంది. ఏదో ఒక పోర్టు తెరవక తప్పదంటే ఇలాంటిది తెరవండి, దాని వెనకనుంచి డీవీఆర్ చూసుకోండి.

మియాపూర్_కిరణ్
శేషు గారూ, నాకు మియాపూర్‌లో కూడా వాన్ ఐపీ 100తోనే ఉంది. రెండువైపులా వాచ్‌మన్లే. ఇప్పుడెలా?

నెట్_నారాయణ
అప్పుడు టెయిల్‌స్కేల్ అనే సర్వీసు. లోపల ఉన్నది వైర్‌గార్డే, రెండువైపులా న్యాట్ ఉన్నా మధ్యలో వాళ్ళ సర్వర్ ఇద్దరికీ పరిచయం చేస్తుంది. ఎక్కువసార్లు ఆ తర్వాత రెండు ఇళ్ళూ నేరుగా మాట్లాడుకుంటాయి. కుదరకపోతే వాళ్ళ రిలే (మధ్యవర్తి సర్వర్) ద్వారా వెళ్తుంది, వీడియో కాస్త నెమ్మదిస్తుంది కానీ అప్పుడూ ఎన్‌క్రిప్షన్ మీ రెండు చివరల మధ్యే. సొంత వాడకానికి ఉచితం. డీవీఆర్‌లో ఎక్కించడం కుదరదు కాబట్టి తెనాలిలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటి కావాలి, పాతదైనా చాలు. దాన్ని సబ్‌నెట్ రౌటర్‌గా (ఇంట్లోని మిగతా పరికరాలకి దారిగా) పెట్టి 192.168.1.0/24, అంటే 192.168.1తో మొదలయ్యే ఇంటి అడ్రస్‌లన్నీ, ప్రకటించండి, తర్వాత అడ్మిన్ పేజీలోకి వెళ్ళి ఆ రూట్‌ని ఒప్పుకోవాలి. ఆ రెండోది చాలామంది మర్చిపోతారు. ఇంకోటి, ఆ కంప్యూటర్‌కి కీ ఎక్స్‌పైరీ ఆపేయండి. లేకపోతే 180 రోజులకి లాగౌట్ అయి కూర్చుంటుంది, మీరేమో హైదరాబాద్‌లో ఉంటారు.

మియాపూర్_కిరణ్
చెల్లి ఇంజనీరింగ్‌లో వాడిన ల్యాప్‌టాప్ తెనాలిలోనే ఉంది. శనివారం వెళ్తున్నా.

మియాపూర్_కిరణ్
పెట్టా. కానీ విచిత్రంగా ఉంది. తెనాలి నుంచి తిరిగొస్తూ రైల్లో మొబైల్ డేటా మీద 192.168.1.108 కొడితే నాలుగు కెమెరాలూ వచ్చాయి, మా అమ్మ ముగ్గు వేస్తూ కనిపించింది. మియాపూర్ ఇంటికొచ్చి వైఫై ఎక్కగానే ఏమీ రావట్లేదు. వైఫై ఆపితే మళ్ళీ వస్తోంది. ఇంకో సందేహం, టెయిల్‌స్కేల్ కూడా 100తో మొదలయ్యే ఐపీ ఇచ్చింది. అది కూడా సీజీన్యాటేనా?

డాలస్_శేషు
రెండో సందేహం తేలిక. టెయిల్‌స్కేల్ వాళ్ళూ ఆ 100.64 వరసలోంచే తమ అడ్రస్‌లు ఇస్తారు. కంపెనీ ఇచ్చిన దానికీ దీనికీ సంబంధం లేదు. మొదటిదానికి, మియాపూర్ రౌటర్ అడ్రస్ ఎంత?

మియాపూర్_కిరణ్
192.168.1.1. తెనాలిది కూడా అదే. ఓహో.

నెట్_నారాయణ
అదే. మియాపూర్ వైఫై మీద ఉన్నప్పుడు 192.168.1.108 అంటే ఫోన్ మీ ఇంట్లోనే వెతుకుతోంది, తెనాలి దాకా వెళ్ళాల్సిన పని దానికి కనిపించట్లేదు. రెండు ఊళ్ళకీ ఒకే వరస ఉండకూడదు. తెనాలి వరస 192.168.57 లాంటిదానికి మార్చండి. 0, 1, 29 వద్దు, అవి ఇళ్ళలో విరివిగా ఉంటాయి.

మస్తాన్_సీసీకెమెరా
ఆగు తమ్ముడూ. డీవీఆర్‌లో ఐపీ చేత్తో కొట్టి ఉంటే రౌటర్ మార్చిన మరుక్షణం అది కనపడకుండా పోద్ది. ఈ పని దూరం నుంచి పెట్టుకోవద్దు, మళ్ళీ ఆదివారం పొయ్యి చేసుకో. పెద్దోళ్ళు ఒక్కళ్ళే ఉంటారు, కెమెరాలు ఆగితే కంగారుపడతారు.

నెట్_నారాయణ
మస్తాన్ గారి జాగ్రత్త సబబే, కానీ క్రమం తప్పకుండా చేస్తే ఇక్కడి నుంచే అవుతుంది. తెనాలి ల్యాప్‌టాప్‌లోకి రిమోట్‌గా వెళ్ళడానికి దాని 100తో మొదలయ్యే టెయిల్‌స్కేల్ అడ్రస్ వాడండి, ఇంట్లో వరస మారినా అది మారదు. ల్యాప్‌టాప్ డీహెచ్‌సీపీలో ఉందని ముందే చూసుకోండి. 192.168.57.0/24 కూడా ఇప్పుడే ప్రకటించి, అడ్మిన్ పేజీలో ఒప్పుకోండి, పాతది ఉండనివ్వండి. తర్వాత డీవీఆర్‌ని చేత్తో కొట్టిన ఐపీ నుంచి డీహెచ్‌సీపీకి మార్చండి. అన్నిటికన్నా చివర రౌటర్ అడ్రస్ 192.168.57.1 చేసి రీస్టార్ట్. ల్యాప్‌టాప్ తిరిగి లైన్లోకి వచ్చాక రౌటర్ పేజీ తెరిచి డీవీఆర్‌కి ఏ నంబరు వచ్చిందో చూసి, దాన్నే రిజర్వ్ చేయండి. డీవీఆర్ కంటే ముందు రౌటర్ మార్చారో, మస్తాన్ గారన్నట్టు ఊరెళ్ళాల్సిందే.

అన్నట్టు పాత 8000, 554 రూల్స్ తీసేయండి. ఫైర్‌వాల్ లెవెల్ తగ్గించానన్నారు, అదీ మళ్ళీ పెంచండి. రేపెప్పుడైనా కంపెనీ పబ్లిక్ ఐపీ ఇచ్చిందంటే, ఇప్పుడు నిద్రపోతున్న ఆ రూల్స్ లేచి కూర్చుంటాయి.

విద్య_బెంగళూరు
ఆ చివరి మాట అందరూ చేయాల్సింది. పనికిరాలేదని వదిలేసిన రూల్సే తర్వాత కొంప ముంచుతాయి.

కేబుల్_శ్రీను
ఐపీవీ4 తర్వాత వచ్చిన ఐపీవీ6 గురించి ఎవరూ అనలేదేంటి? అందులో అడ్రస్‌లకి కొరత లేదు, ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ వస్తుంది. సీజీన్యాట్ గొడవే లేదు.

నెట్_నారాయణ
నిజమే శ్రీను గారూ. కిరణ్ గారి పాత డీవీఆర్‌కి ఐపీవీ6 తెలిసే అవకాశం తక్కువ. ల్యాప్‌టాప్‌కి తెలుసు కాబట్టి టెయిల్‌స్కేల్ దారి దొరికితే దాన్నే వాడుకుంటుంది. అయితే న్యాట్ లేదు కదా అని రౌటర్లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆపేయకూడదు. అక్కడ ఇంటిని కాపాడేది అదొక్కటే.

మియాపూర్_కిరణ్
నారాయణ గారూ, మీరు చెప్పిన క్రమంలోనే చేశా, ఊరెళ్ళక్కర్లేకుండా అయిపోయింది. రౌటర్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. డీవీఆర్‌కి 192.168.57.101 వచ్చింది, రిజర్వ్ చేశా. మియాపూర్ వైఫై మీదా వస్తోంది, ఆఫీసు నుంచీ వస్తోంది. పాత రూల్స్ తీసేశా, ఫైర్‌వాల్ పెంచా. మస్తాన్ భాయ్, మీరు ఆపకపోతే ముందు రౌటరే మార్చేసేవాణ్ణి.

మస్తాన్_సీసీకెమెరా
సంతోషం తమ్ముడూ. నేను కూడా ఈ టెయిల్‌స్కేల్ ఒక మిల్లులో పెట్టి చూస్తా. స్టాటిక్ ఐపీ డబ్బులు మిగిలితే ఓనరు కూడా సంతోషపడతాడు. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోకుండా పెట్టినావా?

మియాపూర్_కిరణ్
పెట్టా, పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే ఏమీ చేయొద్దని. ఇంక మిగిలింది కరెంటు. పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ మాత్రం ఆగిపోతుంది.

కేబుల్_శ్రీను
రౌటర్ అడాప్టర్ మీద ఏం రాసుంది?

మియాపూర్_కిరణ్
12 వోల్టులు, 1.5 యాంపులు.

కేబుల్_శ్రీను
12 వోల్టుల మినీ యూపీఎస్ కొను, 2 యాంపులు ఇచ్చేది తీసుకో. వోల్టేజీ మాత్రం అచ్చంగా అంతే ఉండాలి, యాంపులు ఎక్కువున్నా ఫర్వాలేదు. రౌటర్‌దీ డీవీఆర్‌దీ ఒకే పిన్ను కదా అని రెండూ ఒకదానికే తగిలించొద్దు. డీవీఆర్‌లో హార్డ్ డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది, దానికి వేరేది పెట్టు.